శషసలు నేర్పవలసిన విద్య, వెక్కిరింపవలసిన దోషము కాదు

ఉగాదికిని, ఆగస్టు 29వ తేదీన వచ్చు తెలుగు భాషాదినోత్సవమునకును కామాఠీపురమునందును ధారావియందును మన పిల్లలకు పద్యపఠనపు పోటీలు పెట్టుట పరిపాటి. పోటీ ముగిసి బహుమతులు పంచిన పిమ్మట ప్రతియేట వినవచ్చు మాట యొకటి కలదు: "పిల్లలకు శషసలు పలుకుట లేదు." శంకరుడు సంకరుడగుచున్నాడట, శాంతి సాంతియగుచున్నదట, భాష బాసయగుచున్నదట. కొందరు పిల్లలు దీనికి విరుద్ధముగా సకారము రావలసిన చోట శకారము పలుకుచున్నారట.

ఈ విషయమున మన పెద్దలు రెండు పక్షములుగా నున్నారు. నాలుక తిరుగని వారిని వేదిక యెక్కింపరాదని ఒక పక్షమువారి మాట. బొంబాయిలో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగున నాలుగు ముక్కలు మాటలాడుటయే మహాభాగ్యము, శషసల గొడవ యేల యని రెండవ పక్షమువారి మాట. ఈ రెండు మాటలును మాకు సమ్మతములు కావు. మొదటి పక్షమువారు నేర్పకయే పరీక్షించుచున్నారు. రెండవ పక్షమువారు నేర్పుటయే మానుకొనుచున్నారు. ఈ ధ్వనులు ఊపిరి, నాలుక, చెవి యను మూడింటి పని. ఇవి కొలదివారములలో నేర్పదగిన విద్య. కావున వెక్కిరింపును విడిచి, ఉపేక్షను విడిచి, మన ఆదివారపు తరగతులలో అక్షరములకు ముందుగా ధ్వనులను నేర్పవలెనని మా అభిప్రాయము.

ముందుగా ఈ ధ్వనులు నోట నెట్లు పుట్టునో విచారింతము. చాలులో నివసించువారందరికి నల్లా సంగతి తెలియును. నల్లా పూర్తిగా తెరచినచో నీరు చప్పుడు లేక ధారగా పడును. పూర్తిగా కట్టినచో నీరు నిలిచిపోవును. మూతిని వ్రేలితో అదిమి సన్నని సందు మాత్రము విడిచినచో నీరు 'సుస్సు'మని చిమ్మును. నోటిలో ఊపిరియు నట్టిదే. దారి తెరచియున్నచో అ, ఇ, ఉ మొదలగు అచ్చులు పుట్టును. దారి పూర్తిగా మూసి చప్పున విడిచినచో క, ట, త, ప మొదలగునవి పుట్టును. నాలుకయో పెదవియో తాకీతాకనట్లుండి, సన్నని సందున ఊపిరి ఒరసికొనుచు పోయినచో శ, ష, స పుట్టును. ఒరపిడివలన చెలరేగిన గాలియే ఆ బుసబుస ధ్వని. మన ప్రాచీన శాస్త్రకారులు క నుండి మ వరకు గల హల్లులను స్పర్శములనియు, శ, ష, స, హలను ఊష్మములనియు వేరుచేసిరి. ఊష్మమనగా వేడిమి, ఆవిరి. అరచేతిని నోటి యెదుట నుంచుకొని 'స్స్స్' అని చూడుడు. ఊపిరి ఎడతెగక చేతికి తగులుచునే యుండును. ఊపిరియున్నంతవరకు ఈ ధ్వనిని సాగదీయవచ్చును. కకారమును అట్లు సాగదీయ నెవ్వరికిని సాధ్యము కాదు. భేదమంతయు ఇందే యున్నది.

ఇక నాలుక యెచ్చట నుండవలెనో చూతము. సకారమునకు నాలుక ప్రక్కలు పైపండ్లకు ఆనియుండును. నడుమ సన్నని కాలువవంటి పల్లము ఏర్పడును. ఆ కాలువగుండ పోయిన ఊపిరి ముందుపండ్ల అంచునకు కొట్టుకొని పదునుగా పలుకును. ఆరేడేండ్ల ప్రాయమున పాలపండ్లు ఊడిన పిల్లలకు సకారము కొంతకాలము చెదరుట ఇందువలననే. అది దోషము కాదు. పండ్లు వచ్చిన పిమ్మట చాలమందికి తానే కుదురును. శకారమునకు నాలుక కొంత వెనుకకు జరిగి, దాని నడిమిభాగము అంగిటి దాపునకు లేచును, సందు వెడల్పగును, ధ్వని మెత్తనగును. షకారమునకు నాలుక కొన పైకి మడిగి, ట పలుకుచోటి దాపున నిలుచును. హకారమునకు నాలుకతో పనిలేదు. అది గొంతుననే పుట్టును. శ, ష, సలు శ్వాసమాత్రములు. హకారమున నాదము కలిసియుండునని మన శిక్షాశాస్త్రము చెప్పును. గొంతుమీద వ్రేలుంచుకొని 'స్స్స్' అన్నచో అదరు ఏమియు తెలియదు. ఇంగ్లీషు 'జీరో'లోని మొదటి ధ్వనిని సాగదీసినచో తుమ్మెద రొదవలె వ్రేలికి అదరు తగులును.

దీనిని పిల్లలకు నేర్పుటకు సులభోపాయ మొకటి మన భాషలోనే యున్నది. 'పుస్తకము' అనుమాటలో వెనుకనున్న తకారమునకై నాలుక ముందే పండ్లకడకు చేరును, కావున సకారము దానంతటదే సరిగా పలుకును. 'పశ్చిమము' అనుమాటలో చకారమునకై నాలుక అంగిటికి లేచును, కావున శకారము సరిగా వచ్చును. 'కష్టము' అనుమాటలో టకారమునకై నాలుక మడుగును, కావున షకారము తప్పక వచ్చును. పుస్తకము, పశ్చిమము, కష్టము అను ఈ మూడు మాటలు పలుకలేని తెలుగుబిడ్డ అరుదు. అనగా మూడు ధ్వనులును వాని నోటనే యున్నవి. ఆ మాటలను మెల్లగా పలికించి, నడిమి ధ్వనివద్ద ఆపి, దానిని సాగదీయించి, పిదప అచ్చు చేర్పించిన చాలును. ఇందులకు పండితుడు అవసరము లేదు. అద్దమొకటి, ఓర్పుగల యక్కయో అన్నయో ఉన్న చాలును.

ఇంతకును, సంకరయ్య యనువాని తెలుగు చెడిపోయిన తెలుగా? కాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణమున తెలుగునకు వర్ణములు 36 అని లెక్కించెను. ఆ లెక్కలో ఊష్మములలో సకార హకారములు మాత్రమే కలవు. శకార షకారములు లేవు. ఆ రెండును సంస్కృతపు మాటలతో మన భాషకు వచ్చినవి. వచ్చిన మాటలను మన పూర్వులు తమ నోటికి తగినట్లు మలచుకొనిరి. భాష బాసయైనది, ఆశ ఆసయైనది, దిశ దెసయైనది, ఆకాశము ఆకసమైనది, విషము విసమైనది. వీనిని తద్భవములని వ్యాకరణము గౌరవించినది, మహాకవులు పద్యములలో వాడిరి. పాలమూరునుండియో కరీంనగరమునుండియో వచ్చిన మన తాతలు శాంతమ్మను సాంతమ్మ యనినచో, వారు చేసినది ఆ పాత పనియే. కవి చేసినది తద్భవము, కూలివాడు చేసినది తప్పు అనుట న్యాయము కాదు.

అట్లని శకారమును విడిచిపెట్టుటయు తగదు. సకలమనగా అంతయు; శకలమనగా ముక్క. బాకీ సకలము చెల్లినదనుటకును శకలము చెల్లినదనుటకును గల భేదము వర్తకులమైన మాకు వేరుగ చెప్పనక్కరలేదు. స్వజనులనగా తనవారు, శ్వజనులనగా కుక్కలు. సంస్కృత పండితులు శిష్యులకు చేయు పాత హెచ్చరికలలో ఈ మాటలే వచ్చును. ధనమునుంచు కోశము వేరు, ఒకరికోసము చేయుట వేరు. ఇంటిలో సాంతమ్మ యని పిలుచుట ఒక మర్యాద; వేదికపై పద్యము చదువునప్పుడు శాంతమని పలుకుట వేరొక మర్యాద. ఇంటికొక వేషము, పెండ్లికొక వేషము ఉన్నట్లే నోటికిని రెండు వేషములుండుట తప్పు కాదు. బిడ్డకు రెండవది ఇచ్చుటకు మొదటిదానిని అవమానింపవలసిన పనిలేదు.

మన పిల్లలు మరాఠీ గడ్డపై పెరుగుచుండుట ఈ విషయమున నష్టమని కొందరు తలంతురు. మాకు అది లాభముగా తోచుచున్నది. మన ౘలి, ౘూపు, ౙాము అను మాటలలోని మొదటి ధ్వని పండ్లకడ పలుకును. చిలుక, చెలిమి, జీలకర్ర అను మాటలలో అంగిటికడ పలుకును. మరాఠీయందును ౘాంగలా అనునప్పుడొకటి, చార్ అనునప్పుడు వేరొకటి గదా! ఉత్తరదేశమునుండి వచ్చిన హిందీవారికి ఈ ధ్వని యలవడుట కష్టము. తెలుగుబిడ్డకు అది పుట్టుకతో వచ్చిన సొత్తు. సకారము శకారముగ మారు తీరుకూడ రెండు భాషలలో దగ్గరగా నున్నది. మనము చేసి, చూసి అనుచు, చేశాడు, చూశాడు అందుము. మరాఠీవారు చేపను మాసా అందురు. చేపకు అనుటకు మాశాలా అందురు. పైసా అందురు, పైశాచా అందురు. బజారున దినమంతయు ఈ మాటలు వినువారమే యైనను, ఇది మన భాషలోనిదే యని గుర్తించువారు కొద్దిమంది. ఉపాధ్యాయుడు ఈ పోలికను చూపినచో, బిడ్డ మరాఠీ చెవితో తెలుగును, తెలుగు నోటితో మరాఠీని నేర్చుకొనును.

ఉర్దూవలనను, ఇంగ్లీషువలనను వచ్చిన ఒరపిడి ధ్వనులు మరికొన్ని కలవు. ఖర్చు, ఖరీదు అను మాటలలో ఉర్దూవారు గొంతుకడ ఒరపిడి చేయుదురు. మనము దానిని విడిచి ఆ మాటలను మనవిగ చేసికొంటిమి. బజారు, రోజు అను మాటలలోని తుమ్మెద రొదవంటి ధ్వనిని మన ౙకారముగ మార్చుకొంటిమి. ఆఫీసు ఆపీసైనది. కాఫీ కాపీయైనందున త్రాగునదియు, చూచి వ్రాయునదియు ఒకటియైనవి! మన ఫకారము నిజమునకు పకారమునకు హకారపు ఊపిరి చేర్చినది. ఫలము అనునప్పుడు పెదవులు రెండును కలిసి విడవలెను. ఇంగ్లీషు 'ఫీజు'లోనిది వేరు. అందు క్రిందిపెదవి పైపండ్లకు తాకీతాకనట్లుండును. దీనిని నేర్పుటయు సులభము. వకారమునకు పెదవి నుంచినట్లే యుంచి, నాదము విడిచి ఊదుమనిన చాలును. రెండు వేరు ధ్వనులకు ఒకే అక్షరముండుటచే వచ్చిన చిక్కు ఇది; బిడ్డ మందబుద్ధివలన వచ్చినది కాదు.

ఇక చెవి సంగతి. దీనిని మనవారు బొత్తిగా తలపెట్టుట లేదు. సకారపు బలమంతయు సెకనుకు 4000 కంపనములకు పైన ఉండును; శకారపుది అంతకు కొంత క్రిందనుండియే యుండును. పాత టెలిఫోను తీగలు 300 నుండి 3400 వరకు గల కంపనములను మాత్రమే మోసెడివి. కావుననే ఫోనులో సరకు వ్రాసికొనునప్పుడు సకారమునకును ఇంగ్లీషు ఫకారమునకును భేదము తెలియక చిక్కు వచ్చెడిది. నేటి మొబైలు ఫోనులలో కొన్నిటియందు ఈ హద్దు పెరిగినది. కాని మనిషి చెవికే ఈ హద్దు ఏర్పడు సందర్భమొకటి కలదు. పెనుచప్పుడు నడుమ ఏండ్ల తరబడి పనిచేయువారికి మొట్టమొదట చెడునది 4000 కంపనముల ప్రాంతపు వినికిడియే. మన నేతబిడ్డలు ఎంతమంది బొంబాయి మిల్లుల మగ్గపుశాలలలో జీవితములు గడపిరో, భివండి మరమగ్గములకడ గడపిరో పాఠకులకు తెలియును. 1982 జనవరి 18వ తేదీన మొదలైన మిల్లుల సమ్మెతో పని పోగొట్టుకొనిన వారు ఇప్పుడు వృద్ధులు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో పనిచేసిన స్త్రీలు మగ్గముల చప్పుడున మాట వినరాక, పెదవుల కదలికతోనే సంభాషించు పద్ధతి నొకటి కల్పించుకొనిరి. అంతటి చప్పుడది. అట్టి తాతయొడిలో తెలుగు నేర్చు బిడ్డ శకారమును సకారముగ పలికినను, దిద్దుటకు తాతకు ఆ భేదము వినబడదు. ఇది ఆయన అజ్ఞానము కాదు; మన పొట్టకొరకు ఆయన చెవి చెల్లించిన సుంకము. పిల్లలలోను పదేపదే చెవి కారువారికి వినికిడి తగ్గి ఈ ధ్వనులు అంటవు. కావున ఎంత చెప్పినను శషసలు పట్టుబడని బిడ్డను తిట్టుటకు ముందు చెవివైద్యునకు చూపుట తల్లిదండ్రుల ధర్మము.

"ఇంత శ్రమ యెందులకు? మరాఠీ, ఇంగ్లీషు వచ్చిన అన్నము పుట్టును గదా!" అనువారికి మా సమాధానమిది. ఆ రెండు భాషలకును ఈ ధ్వనులే కావలెను. ఇంగ్లీషున సీటు వేరు, షీటు వేరు. మరాఠీయందు మూడు అక్షరములును కలవు. ధ్వని యెక్కడ పుట్టునో ఒక భాషలో ఎరిగినవాడు అన్ని భాషలలోను ఎరుగును. తల్లిభాషలో ఎరుగుట తేలిక.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అది మన పేర్లకు సంబంధించినది. ఆంధ్ర తెలంగాణములలో శ్రీనివాసుని పేరు ఇంగ్లీషున వ్రాయునప్పుడు ఎస్ తరువాత ఆర్ వ్రాయుట వాడుక. మహారాష్ట్రమున ఎస్ తరువాత హెచ్ చేర్చుట వాడుక. శంకరయ్య తన పేరు సంకరయ్య యని చెప్పినచో గుమాస్తా విన్నది వినినట్లు వ్రాయును. ఇట్లు ఊరి బడి కాగితమున ఒక తీరు, రేషను కార్డున ఒక తీరు, ఆధారున ఒక తీరుగ పేరు నిలుచును. ఒక్క హెచ్ అక్షరమునకై ప్రమాణపత్రములు వ్రాయించుకొని తిరుగుట మనవారికి క్రొత్త కాదు. ధారావి పునర్నిర్మాణమునకై ఇంటింటి సర్వే 2024లో ఆరంభమైన నాటినుండి కాగితముల విలువ అందరికిని తెలిసివచ్చినది. 2000 సంవత్సరము జనవరి 1వ తేదీకి ముందునుండి ఉన్నట్లు చూపుటకు పాత కాగితములు తీయవలసివచ్చినప్పుడు, రెండు కాగితములలోని పేరు ఒక్కటి కాకున్న ఎంత ఆందోళనయో అనుభవించినవారికే తెలియును. తన పేరును స్పష్టముగ పలికి, దానిని మూడు లిపులలో ఒకే తీరుగ వ్రాయగల బిడ్డ తన కుటుంబమునకు చిన్న వకీలు వంటిది.

నాలుకను చూచి మనిషిని నిర్ణయించుట లోకమున పాత పాపము. బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయమున ఒక కథ కలదు. యుద్ధమున ఓడి యొర్దాను నది దాటవచ్చినవారిని రేవుకడ నిలిపి, షిబ్బోలెతు అను మాట పలుకుమనిరట. ఎఫ్రాయిమువారికి ఆ మొదటి ధ్వని రాదు. వారు సిబ్బోలెతు అనిరి. అట్లనినవారిని చంపిరి. ఆ సమయమున కూలినవారు 42,000 అని ఆ గ్రంథము చెప్పుచున్నది. శకార సకారముల భేదమే కత్తియైనది. మన పోటీలలో కత్తులు లేవు గాని, సభలో పదిమంది నవ్వగా వేదిక దిగిన బిడ్డ మరుసటియేడు తెలుగు తరగతికి రాదు. ఒక్కొక్క నవ్వునకు ఒక్కొక్క తెలుగు కుటుంబమును పోగొట్టుకొనుచున్నాము.

గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చి, వారికై బడులు పెట్టి, వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. ఎవరి నోట ఏ ధ్వని యెట్లు పలుకునో ముందు చెవియొగ్గి విన్నందువలననే వారికది సాధ్యమైనది. వారి జన్మదినమునే మనము భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఆ దినమున ఒక బిడ్డ ఉచ్చారణను పరిహసించుట ఎంత అసంగతమో పెద్దలు యోచింతురుగాక.

కావున మా సూచనలివి. ఆదివారపు తరగతులలో మొదటి ఆరువారములు పలకయు పుస్తకమును లేక ధ్వనులనే నేర్పవలెను. అరచేయి, అద్దము, గొంతుమీది వ్రేలు, ఈ మూడే పరికరములు. పుస్తకము, పశ్చిమము, కష్టము అను మాటలతో ఆరంభించి, సకలము శకలము వంటి జంటలతో చెవిని పరీక్షింపవలెను. పోటీలలో ఉచ్చారణకు మార్కులు తీసివేయుట, ఆ యేడు నేర్పిన ధ్వనులకు మాత్రమే పరిమితము కావలెను; చేసిండు, పోయిండు అను మన ఇంటిమాటలకు ఒక్క మార్కును తీయరాదు. మరాఠీవారే వాడుకలో శకార షకారములను కలిపి పలుకుచుండగా, మాటలాడునప్పుడు షకారమును వేరుగ పలుకలేదని పిల్లలను బాధింపరాదు. వ్రాతలో భేదమెరిగిన చాలును. ప్రతి బిడ్డయు తన పేరును, తల్లిదండ్రుల పేర్లను తెలుగున, మరాఠీయందు, ఇంగ్లీషున ఒక కాగితముపై సరిగా వ్రాసి ఇంట నుంచవలెను. వినికిడి తక్కువయని అనుమానమున్న పిల్లలను, వృద్ధులను వైద్యునికడకు తీసికొనిపోవుటకు సంఘమున ఇద్దరు యువకులు పూనుకొనవలెను.

ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించు సదుపాయము కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానికసంస్థయు యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కును అడుగుట మన పని, దానిని మానరాదు. కాని అధికరణము బిడ్డ నోట సకారమును పలికింపజాలదు. ఆ పని ఇంటివారిది, సంఘమువారిది. దానికి సొమ్ము అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. వచ్చు ఆదివారము మీ బిడ్డ అరచేతిని వాని నోటి యెదుట నుంచి, పుస్తకము అనుమనుడు. ఊపిరి చేతికి తగిలినచో పని మొదలైనట్లే.